శాలువా కప్పించుకుని సోమవారం బడికొచ్చిన సారు

ఆ రోజుల్లో (ఆ రోజులంటే ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, ఊళ్ళో ప్రతి చేతిలోకీ ఫోను వచ్చేసిన కాలమే, నా కొంప ముంచింది కూడా అదే) నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి నిజం మాట్లాడాలంటే ముందు అక్కణ్ణుంచి వెళ్ళిపోయే ఏర్పాటు చేసుకోవాలని. బస్సు ఎక్కి కిటికీలోంచి చెప్పే నిజానికి ఉన్న ధైర్యం, చాప మీద ఎదురెదురుగా కూర్చుని చెప్పే నిజానికి ఉండదు కదా! ఆ సిద్ధాంతంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కాకపోతే బస్సు కదిలిందో లేదో ఒకసారి చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

అప్పుడు నేను శంషాబాద్‌కి కాస్త అవతల, విమానాలు దిగే దారి కిందనే ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పంతుల్ని. మా బడికో ఆచారం ఉండేది. నెత్తి మీంచి విమానం వస్తే ఎవరి మాట అక్కడ ఆగిపోవాలి. అరిచినా వినపడదు కనుక అరవడం అనవసరమని అందరూ ఎప్పుడో ఒప్పందానికి వచ్చేశారు. నేను "రెండు ఆర్లు" అని ఆగితే, విమానం పోయాక పిల్లలు "పన్నెండు" అనేవారు. ఎవరినో మందలించడానికి వేలెత్తిన పెద్దమేడం ఆ వేలిని గాల్లోనే నిలిపి ఉంచి, చప్పుడు తగ్గాక మిగతా మందలింపు పూర్తి చేసేవారు. (ఈలోగా పిల్లవాడికి ఏడుపు, మేడానికి కోపం రెండూ తగ్గిపోయేవి. ఆ లెక్కన మా బడిలో క్రమశిక్షణ అంతా విమానాశ్రయం వారి దయ.) పెద్దమేడం అంటే మా ప్రధానోపాధ్యాయురాలు. కోస్తా వైపు ఆవిడ. ఎంత కోపంలోనైనా "అండీ" వదలరు. ఆవిడ, నేను, లెక్కల సారు, ముగ్గురమే బడికి. లెక్కల సారు మంచివాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక మాత్రం కుర్చీలో కళ్ళు మూసుకుని ఏవో పెద్ద లెక్కలు చేస్తుండేవాడు. అప్పుడప్పుడు ఆ లెక్కలు గురకగా బయటికి వినిపించేవి.

అట్లాంటి రోజుల్లో నాకు బీఈడీ సీటు వచ్చింది. బీఈడీ చేస్తే హైస్కూలుకి ప్రమోషన్ మీద వెళ్ళే దారి తెరుచుకుంటుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి జీతంతో చదువు సెలవు ఇస్తారు. ఆ మాట విన్నాక నాకు చదువు కన్నా సెలవే ఎక్కువ నచ్చిందని ఒప్పుకోవాలి. రెండేళ్ళు! పిల్లల ముక్కులు తుడవక్కర్లేదు, మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కపెట్టక్కర్లేదు, నెల తిరిగితే జీతం. ఇంట్లో మా ఆవిడతో "నా జ్ఞానతృష్ణ నీకు అర్థం కాదు" అంటే, ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ "అర్థమైంది. పొద్దున్నే లేపొద్దంటున్నవ్, గంతే గదా" అంది. అయితే ఒక్క మాట మాత్రం నిజం. ఆ సెలవు జీతంతో దొరక్కపోతే సీటు వదులుకోవాల్సిందే. మా ఇల్లు నడిచేది నా జీతం మీద, ఆ జీతం లేకుండా చదువుకునేంత తృష్ణ నాకు లేదు. పై వారం శనివారం లోపల కాలేజీలో చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

దరఖాస్తు పెట్టాను. కారణం అన్న చోట "భావితరాల నిర్మాణంలో నా వంతు" అంటూ పేజీన్నర రాశాను. దరఖాస్తుతో పాటు ఒక ఒప్పుకోలు కాగితం కూడా జత చేయాలి. నేను లేనప్పుడు నా తరగతి చూసుకుంటానని తోటి ఉపాధ్యాయుడు, పిల్లల చదువు దెబ్బతినదని ప్రధానోపాధ్యాయురాలు, తల్లిదండ్రుల తరఫున అభ్యంతరం లేదని బడి కమిటీ పెద్ద, ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ఆ కాగితం నా కంటపడింది. ఇలాంటివి ఎవరు చూస్తారులే అనుకుని పక్కన పెట్టాను. భావితరాల నిర్మాణం పేజీన్నర ఉండగా పాడు కాగితం ఎందుకు? ఆఫీసులో గుమాస్తా అన్న పైపైన తిరగేసి, "అయిపోయినట్టే అనుకో సారూ" అన్నాడు. ఆ "అయిపోయినట్టే"ని పట్టుకుని బాలాపూర్ గణపతి లడ్డుని వేలంపాటలో గెల్చుకున్న వాడిలా మొహం పెట్టుకుని బడికొచ్చాను.

మా ఊళ్ళో ఉపాధ్యాయుడు వెళ్ళిపోతుంటే సన్మానం చేయడం పరువుకి సంబంధించిన విషయం. అంతకుముందు పక్క ఊళ్ళో ఒక సారుకి రెండు శాలువాలు కప్పారని విన్నప్పటి నుంచి మా కమిటీ అన్నకి నిద్ర పట్టలేదు. (కమిటీ అన్నంటే మా బడి కమిటీ పెద్ద. పాల వ్యాపారం. బడి వెనక మైదానంలో సగం పిల్లలది, సగం ఆయన బర్రెలది.) పెద్దమేడం మాత్రం "ఆర్డరు చేతికొచ్చాక చేద్దామండీ మాస్టారూ" అన్నారు. నేను తల వంచుకుని, "మీ ఇష్టం మేడం, కాకపోతే తర్వాత పిల్లలకి పరీక్షలు, పాపం" అన్నాను. నా సన్మానం కోసం నేనే పిల్లల పరీక్షలను అడ్డు పెట్టుకున్నానన్నమాట. శనివారానికి ఖాయమైంది. సమోసాలు, మైకు, మూడు శాలువాలు, జ్ఞాపికగా గోడ గడియారం. ఐదో తరగతి ఆడపిల్లలు ఏడుపు కూడా ముందురోజే ప్రాక్టీసు చేశారు.

దండ మెడలో పడగానే మనిషికి ఏదో అవుతుంది. బరువుకి మెడ వంగాలి గాని, నాకు నిక్కింది. అందరూ నా గురించి మంచిమాటలు చెప్పారు. నా వంతు వచ్చింది. "వెళ్ళిపోతున్నవాణ్ణి, నాకేం భయం? గుండెలో మాట చెప్పి పోతాను" అని మొదలుపెట్టాను. ముందు మధ్యాహ్న భోజనం మీద పడ్డాను. "మన బడి పప్పు హిమాయత్ సాగర్ లాంటిది. నీళ్ళు నిండుగా ఉంటాయి. పప్పు కావాలంటే గజ ఈతగాణ్ణి దింపాలి." జనం ఘొల్లుమన్నారు. నవ్వు వినపడ్డాక ఆగడం ఎవరి తరం? లెక్కల సారు వైపు తిరిగి, "మా సారు పాఠం కన్నా ఆయన గురక స్పష్టంగా ఉంటుంది" అన్నాను. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. నేను నోరు తెరిచి ఆగాను. ఈ రోజుకీ అనిపిస్తుంది, ఆ విమానం దేవుడు పంపిందేనని. ఆలోచించుకోవడానికి అంత వ్యవధి ఇంకెవరికి దొరుకుతుంది? నేను మాత్రం ఆ వ్యవధిలో తర్వాతి జోకు తయారు చేసుకున్నాను. చప్పుడు తగ్గగానే, "మన పిల్లలు ఆటల్లో ఎందుకు వెనకబడ్డారంటే, మైదానంలో వాళ్ళకన్నా బర్రెలే ఎక్కువ ప్రాక్టీసు చేస్తున్నాయి" అన్నాను. చివరికి పెద్దమేడం దగ్గరికి వచ్చాను. ఆవిడ గదిలో ఫ్లాస్కునిండా చాయ్ ఉంటుందనీ, అది ఇన్నేళ్ళలో మా ఇద్దరు మాస్టర్లకు వాసనగా మాత్రమే తెలుసనీ చెప్పాను. చప్పట్లు మోగిపోయాయి. ఎవరెవరు కొట్టలేదో చూసుకునే స్థితిలో నేను లేను. ఫోన్లు పైకెత్తి ఊరంతా వీడియో తీస్తోంది.

ఆ సాయంత్రమే, మూడు శాలువాలూ మంచం మీద పరిచి మా ఆవిడకి చూపిస్తుండగా, గుమాస్తా అన్న ఫోను చేశాడు. "సారూ, మీ ఫైలు వాపస్ వచ్చింది."

"అయిపోయినట్టే అన్నవ్ గదనే అన్నా?"

"అయిపోయినట్టే అన్న. అయిపోయింది అన్ననా? ఒప్పుకోలు కాగితం ఏదీ? మూడు సంతకాలు ఉండాలె. మీ పెద్దమేడం, మీ తోటి సారు, కమిటీ పెద్ద. ఏముంది సారూ, మీ బడోళ్ళే గదా, నిమిషం పని. జల్ది పంపుండ్రి."

నేను ఫోను పెట్టేశాను. మా ఆవిడ గోడ గడియారాన్ని దించి అట్టపెట్టెలో జాగ్రత్తగా సర్దుతోంది. "ఏం చేస్తున్నవ్?" అంటే, "వాపస్ అడుగుతరేమో, పలగొద్దు" అంది. ఆదివారం పొద్దున్నే కందుకూరు దగ్గరి మా ఊరి నుంచి బాపు (మా నాన్నే) ఫోను. "నీ వీడియో గీడ దాక వచ్చింది బిడ్డా. మస్తు మాట్లాడినవ్. గా బర్లాయన మొహం చూసినవా? ఇగ నువ్వు గా ఊరికి పోయేది లేదు గదా, పోనీ తీయ్." నేను శాలువాలు మడతపెట్టడం మొదలుపెట్టాను. బాపు "లేదు గదా?" అని మళ్ళీ అడిగాడు.

సోమవారం నేను బడి గేటు దగ్గర స్కూటర్ ఆపేసరికి మొదట చూసింది వంటక్క. మధ్యాహ్న భోజనం వండే ఆమె. చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. "ఏంది సారూ, శాలువా మరిచిపోయినవా?" అంది. నేను స్కూటర్‌కి స్టాండు వేస్తుండగానే నా తరగతి పిల్లలు "సారు పోలేదు రోయ్!" అంటూ మీద పడ్డారు. ప్రాక్టీసు చేసి మరీ శనివారం ఏడ్చిన ఆడపిల్లల్లో ఒకతె మాత్రం నిష్ఠూరంగా, "మేం ఉత్తగనే ఏడ్చినమా సారూ?" అని అడిగింది.

మధ్యాహ్నం వంటక్క నా ముందు పళ్ళెం పెట్టింది. అన్నం లేదు. పళ్ళెం నిండా గట్టి పప్పు. గరిటె నిలబెడితే నిలబడుతుంది. "తినుండ్రి సారూ. ఈత రాకున్నా ఏం గాదు." తిన్నాను. అంత మంచి పప్పు నా జన్మలో తినలేదు, అంత కష్టంగానూ తినలేదు.

ముందు లెక్కల సారు దగ్గరికి వెళ్ళాను. కాగితం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నా గురక మీ పిల్లలకు పరేషాన్ గాదా సార్?" అన్నాడు. "సార్, తప్పయింది" అన్నాను. "తప్పేమున్నది, నిజమే చెప్పిండ్రు. మా ఇంటామె వీడియో చూసి, నేను ఇన్నేండ్ల నుంచి చెప్తున్న గదా అన్నది. కాని మేడం పెడితేనే నేను పెడత." కమిటీ అన్న ఇంటికి వెళ్తే ఆయన పాలు పిండుతున్నాడు. తలెత్తకుండానే, "నన్నెందుకు అడుగుడు? బర్లను అడుగు. ప్రాక్టీసు చేసేది అవే గదా" అన్నాడు. నేను నిజంగానే ఒక బర్రె వైపు చూశాను. అది నా వైపు చూసి మొహం తిప్పుకుంది. "అన్నా, జర దయ చూపు. శనివారం దాటితే సీటు పోతది" అన్నాను. ఆయన చెంబు పక్కన పెట్టి, "నువ్వు రోజు బడి ముంగట హోటల్ల తాగే చాయ్ ఎవరి పాలతోని సారూ? గా ముచ్చట మైకుల చెప్పలే. మేడం ఏమంటే నేను గదే అంట" అన్నాడు. అన్ని దారులూ పెద్దమేడం గదికే.

ఆవిడ బల్ల మీద ఫ్లాస్కు ఉంది. దాని పక్కన, అంతకుముందు ఎప్పుడూ లేని మూడు కప్పులు. ఆవిడ కాగితం చదివి, పక్కన పెట్టి, మూడు కప్పుల్లో ఒకదాంట్లో చాయ్ పోసి నా వైపు జరిపారు. "చూడండి మాస్టారూ, మీరన్నది అబద్ధం కాదండీ. మీకు ఇవ్వాలన్న ఆలోచనే నాకు రాలేదు. సిగ్గేసింది. నాకు కోపం దాని మీద కాదు. మా అందరి గురించీ చెప్పారు. మీ గురించి ఒక్క మాటైనా చెప్పారా? రేపు ప్రార్థనలో చెప్పండి. అదే మైకులో. ఆ తర్వాత సంతకం పెడతాను." చాయ్ చాలా బాగుంది. మింగుడు పడలేదు, అంతే.

మంగళవారం ప్రార్థనకి ఊరు సగం వచ్చింది. కమిటీ అన్న మైకు పెట్టించాడు. (ఈసారి ఖర్చు తనదేనని సంతోషంగా ప్రకటించాడు.) నేను మైకు ముందు నిలబడి, రాత్రంతా పడుకోకుండా ఎంచిపెట్టుకున్న చిన్నచిన్న తప్పుల్ని, మరీ నొప్పి పెట్టని వాటిని, ఒకటొకటిగా బయటికి తీశాను. "నేను అప్పుడప్పుడు కొద్దిగా ఆలస్యంగా వస్తాను" అన్నాను. మూడో తరగతి వరుసలోంచి ఒక గొంతు, "రోజూ సారూ!" అని సరిచేసింది. "రోజూ ఆలస్యంగా వస్తాను. ఔటర్ మీద ట్రాఫిక్ అని చెప్తాను." ఇంకో గొంతు, "మీ తోవల ఔటర్ రాదు గదా సారూ!" ఆ మాటకి ఊరంతా నవ్వింది. అది నిజమే. నా ఇంటికీ బడికీ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు లేనే లేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు కదా అని నేను సాఫీగా దాని మీదనే వచ్చేస్తున్నాను.

ఇక ఆ తర్వాత నేను మాట్లాడక్కర్లేకపోయింది. పిల్లలే చెప్పారు. "సారు పాఠం చెప్పుకుంట క్రికెట్ చూస్తడు!" "మాకు ఎక్కాలు రాయమని చెప్పి ఫోన్ల నవ్వుతడు!" కమిటీ అన్న కూతురు లేచి నిలబడింది. "సారు మా కాపీలు చదువకుండనే టిక్కు కొడతడు. నేను ఒక్కసారి ప్రశ్నకు జవాబు రాయకుండ మా బర్రె గురించి రాసిన. టిక్కు కొట్టి 'బాగుంది' అని రాసిండు." కమిటీ అన్న అయితే కింద కూర్చుని మరీ నవ్వాడు. నేను ఆకాశం వైపు చూశాను. విమానం రాకూడదూ! మిగతా రోజుల్లో ఊపిరాడనివ్వని విమానాలు ఆ పూట ఒక్కటంటే ఒక్కటి రాలేదు. లెక్కల సారు పూర్తిగా మేలుకుని, ఆనందంగా వింటున్నాడు. చివరికి పెద్దమేడం చేయెత్తి, "చాలండీ పిల్లలూ, సారుకి సెలవు కావాలి, ఉద్యోగం పోకూడదు" అన్నారు. నవ్వుతున్న ఆ గుంపు మధ్య నిలబడి, నాకు విచిత్రంగా, దండ వేసిన నాటి కన్నా మెడ తేలిగ్గా అనిపించింది. నేను కూడా నవ్వడం మొదలుపెట్టాను. అప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. వాటిని నేను అడుక్కోలేదు.

ముగ్గురూ అక్కడే, మైకు పెట్టిన బల్ల మీదే సంతకాలు పెట్టారు. గుమాస్తా అన్నకి నేనే స్వయంగా కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. నిజమైన ఆర్డరు, ముద్రతో సహా. దాన్ని పట్టుకుని గదిగదికీ తిరిగాను. లెక్కల సారు ఆవులిస్తూ, "మంచిది సార్, సోమవారం కలుద్దాం" అన్నాడు. "కాదు సార్, ఈసారి నిజంగానే..." "ఆఁ ఆఁ, సోమవారం మాట్లాడుకుందాం." కమిటీ అన్న బర్రెలను తోలుకుపోతూ దూరం నుంచే చేయి ఊపాడు. "సోమవారం పొద్దుగాల రా సారూ, జున్ను పంపిస్త!" వంటక్క ఆర్డరు వైపు చూడను కూడా చూడలేదు. "సోమవారం పప్పే" అంది. పెద్దమేడానికి మాత్రం తెలుసు. రిలీవ్ చేసిన కాగితం ఆవిడే ఇచ్చారు కదా. అయినా ఆవిడ పెదవులు బిగపట్టి, "సోమవారం వస్తారుగా మాస్టారూ?" అన్నారు.

గేటు దగ్గర స్కూటర్ మీద కాసేపు కూర్చున్నాను. ఎవరైనా వస్తారేమోనని. విమానం ఒకటి వచ్చింది. బడి అంతా నిశ్శబ్దమైపోయింది. కిటికీలోంచి నా పిల్లలు కనపడుతున్నారు, నోళ్ళు సగం తెరిచి ఆగి. నాకోసమే ఏదో అనబోతున్నారనిపించింది. విమానం పోయింది. "నలభై ఎనిమిది!" అని అరిచి తర్వాతి ఎక్కంలోకి వెళ్ళిపోయారు. నేను స్కూటర్ స్టార్ట్ చేశాను. ఒక్క శాలువా లేకుండా, ఒక్క సమోసా లేకుండా, ఒక్క కన్నీటి చుక్క లేకుండా (నాది తప్ప) అలా వెళ్ళిపోయాను.

ఆ రెండేళ్ళూ పడుకుందామనుకున్నాను గాని, కుదరలేదు. ఎప్పుడు పుస్తకం మూసినా "బాగుంది" అని టిక్కు కొట్టిన బర్రె వ్యాసం గుర్తొచ్చేది. సిటీలో బోధన అభ్యాసానికి పంపిన బడిలో, పాఠం మధ్యలో దూరంగా ఎక్కడో విమానం గుంయ్‌మంటే చాలు, నేను నోరు తెరిచి ఆగిపోయేవాణ్ణి. పిల్లలు నా వైపు వింతగా చూసేవాళ్ళు. మా లెక్చరర్ "అకస్మాత్తుగా మౌనం వహించును" అని రాసి మార్కులు తగ్గించాడు. ఎవరికని చెప్పను?

చదువయ్యాక మళ్ళీ పాత బడిలోనే చేరాలని నియమం. చేరమన్న రోజు, ఎలా కుదిరిందో గాని, సోమవారమే అయింది. గోడ గడియారం అట్టపెట్టెని స్కూటర్ ముందు పెట్టుకుని, నా తరగతి గోడకి కొడదామని బయల్దేరాను. బడి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. వంటక్క గేటు పక్కనే బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు. లేవలేదు. చాటని ఒకసారి తట్టి, రెండేళ్ళ కింద శుక్రవారం వదిలేసిన మాట అందుకున్నట్టు అంది.

"ఏంది సారూ, సోమవారం అంటే గింత లేటా? మళ్ళ ఔటర్ మీద ట్రాఫికా?"

నేను జవాబు చెప్పబోతుండగా నెత్తి మీదికి విమానం వచ్చింది. నేను ఆగాను. ఆమె చాట ఆపింది. లోపల పిల్లల ఎక్కాలు ఆగాయి. పొద్దున్నే కొత్త బ్యాటరీ వేసిన గడియారం ఒక్కటే, నా ముందు పెట్టెలో ఆగకుండా నడుస్తోంది. ఆ కాస్త వ్యవధిలో నాకు తయారుగా మూడు సాకులు తట్టాయి, మూడూ మంచివే. విమానం వెళ్ళిపోయింది.

"లేదక్కా," అన్నాను, "లేటుగా లేచిన."